ఏ కాలో రాయలేదు

ఆ ఆస్పత్రిలో రోగి ముఖం చూడకుండా రోగానికి అంకె వేసేవాళ్లు ముగ్గురున్నారు. రెండో అంతస్తులో, మందుల గోదాము పక్కన, ఒక్క కిటికీ ఉన్న గదిలో కూర్చుంటారు. డాక్టర్లు రాసింది చదవాలి, దానికి తగిన కోడ్ వెతకాలి, కంప్యూటర్లో కొట్టాలి. అది ఆరోగ్య ప్లాన్ వాళ్లకి వెళుతుంది. వాళ్లు సరేనంటే రోగికి మందో, ఆపరేషనో, చేతికర్రో వస్తుంది. కాదంటే ఉత్తరం వస్తుంది. ముగ్గురిలో పెద్దావిడ ఒనేలియా ఫిగెరోవా. ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్క బల్ల ఆవిడదే. దానికోసం ఎవరితోనూ పోటీ పడాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే మధ్యాహ్నం ఎండంతా ఆ బల్ల మీదే పడుతుంది.

మంగళవారం పొద్దున ఒనేలియా బల్ల మీదికి వచ్చిన మొదటి కాగితమే ఉత్తరం. రోగి పేరు ఎలాదియో మాల్దొనాదో, వయసు అరవై ఏడు. కాలికి ఊతంగా బిగించే బ్రేస్, దాంతోపాటు మడమ ఎత్తున్న బూటు కావాలని డాక్టర్ రాశాడు. ప్లాన్ వాళ్లు కుదరదన్నారు. ఏ కాలికో తెలియడం లేదట. ఇలా రావడం ఇది మూడోసారి.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని డాక్టర్ అల్వేలో రాసింది మళ్లీ తెరిచింది. ఎన్నిసార్లు తెరిచినా అవే నాలుగు ముక్కలు. 'కాలు వంకర. పాతది, పుట్టుకతో వచ్చింది కాదు. నడక కష్టం. బ్రేస్ ఇప్పించాలి.' కిందటి నెలా అదే, అంతకుముందు నెలా అదే. పాత పేజీని యథాతథంగా దింపుకుని తేదీ మార్చాడని చూస్తేనే తెలిసిపోతుంది. పుట్టాక వంకరపోయిన కాలికి పుస్తకంలో ఒక కోడ్ ఉంది. దాని చివరి అంకె పక్కని చెబుతుంది. కుడి అయితే ఒకటి, ఎడమ అయితే రెండు, డాక్టర్ రాయకపోతే తొమ్మిది. ఒనేలియా మూడుసార్లూ తొమ్మిదే కొట్టింది.

"మళ్లీ అదేనా అక్కా?" అంది పక్క బల్ల యామారిస్. ఆ పిల్ల చేరి రెండేళ్లయింది.

"అదే. కాలు వంకరన్నాడు గాని ఏ కాలో రాయలేదు."

"ఉన్నవి రెండే కదా. బొమ్మా బొరుసా వేసెయ్."

"నీకు నవ్వులాటగా ఉంది. ఆయన మన గేటు దగ్గరే నిలబడి ఉంటాడు."

యామారిస్ కిటికీలోంచి తొంగి చూసింది. గేటు పక్క బాదం చెట్టు కింద రంగు సీసాల బండి ఉంది. దాని వెనకాల గడ్డి టోపీ పెట్టుకున్న మనిషి మంచుదిమ్మని తురుముతున్నాడు. "పిరాగ్వా తాతా? ఆయనా?" అని కూర్చుండిపోయింది.

పదకొండేళ్లుగా ఒనేలియా మధ్యాహ్నం పూట తినేది ఆయన తురిమిచ్చే మంచు పిరాగ్వానే, చింతపండు పాకం పోసింది. ఆయనకి ఏ కాలు వంకరో ఆవిడకి బాగా తెలుసు. బండి వెనక ఎప్పుడు నిలబడ్డా కుడి మోకాలు ముందుకు వంచుకునే ఉంటాడు. కుదురుగా ఉన్న కాలుని ఎవరూ అలా వంచుకుని నిలబడరు. తెలిసి కూడా తొమ్మిది కొట్టాల్సి రావడం ఆవిడకి పంటి కింద రాయిలా ఉండేది.

ఆ గదిలో కట్టుబాట్లు గట్టివి. డాక్టర్ రాస్తేనే ఉన్నట్టు. నర్సు రాసినా చెల్లదు, రోగి నోటితో చెప్పినా చెల్లదు, దారిలో కళ్లారా చూసింది అసలే చెల్లదు. అనుమానం వస్తే డాక్టరుకి క్వెరీ కాగితం పంపొచ్చు, కాని జవాబు ఆయన నోట్లో పెట్టకూడదు. 'కుడికాలే కదండీ' అని అడిగితే తప్పు. కుడి, ఎడమ, రెండూ, చెప్పలేను అని నాలుగూ రాసి, ఆయన్నే ఎంచుకోనివ్వాలి. ఒనేలియా రెండుసార్లు అలాగే పంపింది. రెండుసార్లూ డాక్టర్ అల్వేలో ఏ గడిలోనూ గుర్తు పెట్టకుండా కింద 'పైన రాసినట్టే' అని రాసి తిప్పి పంపాడు. పైన ఏమీ రాయలేదు మొర్రో అనడానికి ఆ కాగితంలో గడి లేదు.

మధ్యాహ్నం కిందికి దిగింది. ఎలాదియో ఆవిణ్ని చూసి, అడక్కుండానే మంచు తురమడం మొదలుపెట్టాడు. ఎడం చేత్తో దిమ్మని గోనెగుడ్డతో అదిమిపట్టి, కుడి చేత్తో ఇనప తురుము పెట్టెని ముందుకీ వెనక్కీ లాగుతాడు. మూడు లాగులకి ఒక కాగితం పొట్లం నిండుతుంది.

"ఉత్తరం వచ్చింది తల్లీ," అన్నాడు. "మళ్లీ లేదన్నారు."

"విన్నాను."

"ఎక్కడ విన్నావ్?"

ఒనేలియా తడబడింది. పైన కంప్యూటర్ల దగ్గర పని అని తప్ప, ఆవిడ చేసేదేమిటో ఆయనకి తెలీదు. "మీ ముఖం చూస్తే తెలియట్లేదా," అంది.

"ఏ కాలో తెలీదట. ఫోన్ చేసి, నా కాలు నేను చెబుతాను రాసుకోండమ్మా అన్నాను. మీ మాట పనికిరాదండీ అంది ఆ పిల్ల. నా కాలు గురించి నా మాట పనికిరాదంట! ఆ పైన ఎవడో గుడ్డివాణ్ని కూర్చోబెట్టారు తల్లీ. వాడికి కాళ్లు కనబడవు."

ఒనేలియా పొట్లం అందుకుంది గాని నోట్లో పెట్టుకోలేదు.

"డాక్టరేమన్నారు?"

"ఏమంటాడు, బ్రేస్ లేకుండా ఇట్టాగే బండి తోస్తే ఆర్నెల్లలో చక్రాల కుర్చీయే అన్నాడు. కుర్చీలో కూర్చుంటే బండి నువ్వు తోస్తావా?" అని నవ్వాడు. నవ్వుతూనే, ఆవిడ వెనక నిలబడ్డ నర్సమ్మకి కొబ్బరి పాకం సీసా అందుకోవడానికి ఒరిగి, బండి అంచు పట్టుకుని, పళ్ల బిగువున ఒక్క క్షణం ఆగాడు. కుడి మోకాలు అలాగే వంగి ఉంది.

పైకి వచ్చి కూర్చుంది ఒనేలియా. ఎండ సరిగ్గా తెర మీద పడుతోంది. యామారిస్ అన్నానికి వెళ్లింది. మూడో బల్ల ఆయన సెలవు. ఎలాదియో మాల్దొనాదో రికార్డు తెరిచి, తొమ్మిది పక్కన కర్సర్ పెట్టి చెరిపింది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా కాగితంలో లేనిదాన్ని కొట్టలేదు. 'గుడ్డివాడు' అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. తను గుడ్డిది కాదు. ఒకటి కొట్టి పంపేసింది.

*

తర్వాతి బుధవారం మంజూరైంది. ఎలాదియో ఆ రోజు పొట్లం మీద రెండు రకాల పాకాలు పోసి ఇచ్చాడు. "పైన గుడ్డివాడికి చూపొచ్చినట్టుంది," అన్నాడు. శుక్రవారం పోన్సే పట్నంలో బ్రేసులు చేసేచోట కొలతలు ఇవ్వాలి. బస్సులో వెళతాడట. ఇస్త్రీ చేసిన ప్యాంటు తీసి పెట్టుకున్నాడట. ఒనేలియా వింటూ నిలబడి, తన గుట్టు తనలోనే దాచుకుని, ఎప్పుడూ లేనంత సంబరపడింది. పైకి వెళ్లి యామారిస్‌కి కూడా చెప్పలేదు. మంచిపని చేసి నోరు మూసుకుని ఉండటంలో ఒక సుఖం ఉంటుందని ఆవిడకి ఆ రెండు రోజుల్లోనే తెలిసింది.

శుక్రవారం బండి లేదు. శనివారం ఆస్పత్రికి సగం పూటే. పదిన్నరకి ఆవిడ దిగేసరికి ఎలాదియో బండి పక్కన పీపా మీద కూర్చుని ఉన్నాడు. మంచు మీద గోనె కప్పి ఉంది. ఎవరో వచ్చి అడిగితే, ఇవాళ లేదు పొమ్మన్నాడు.

"ఏమైంది దొన్ ఎలాదియో? కొలతలు తీసుకున్నారా?"

"తీసుకోలేదు. అక్కడ కొలతలు తీసే ఆవిడ కాగితం చూసింది, నా కాలు చూసింది, మళ్లీ కాగితం చూసింది. మీరేనా మాల్దొనాదో అంటే, నేనే అన్నాను. కార్డు చూపించండి అంది. చూపించాను. ఇంకెవరి కాగితమన్నా పట్టుకొచ్చారా అని అడిగింది తల్లీ. అరవై ఏడేళ్లొచ్చాక దొంగలా చూసింది."

"ఎందుకు?"

"కాగితంలో కుడికాలు అనుంది."

ఒనేలియాకి అర్థం కాలేదు. "మరి కుడికాలే కదా?"

ఎలాదియో ఆవిడ వంక వింతగా చూశాడు. "నాది ఎడంకాలు," అన్నాడు.

గేటులోంచి ఒక అంబులెన్సు లోపలికి పోయింది. అది మలుపు తిరిగేదాకా ఒనేలియా దానివైపే చూస్తూ నిలబడింది. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనేది ఇదే కాబోలు. తొమ్మిది ఉన్నప్పుడు ప్లాన్ వాళ్లకి తెలీదంతే. ఇప్పుడు తెలిసిందే అబద్ధమైంది.

"కానీ మీరు ఎప్పుడూ కుడి మోకాలే వంచుకుని..."

"ఎడమది పొట్టి కదా. దాని ఎత్తుకి దీన్ని దించకపోతే నడుం ఒరిగిపోతుంది." లేచి నిలబడి చూపించాడు. కుడి మోకాలు వంచాడు, భుజాలు సమానమయ్యాయి. మోకాలు చాపాడు, మనిషి ఎడమకి వాలిపోయాడు. మళ్లీ వంచాడు. "అలవాటైపోయింది. ఇరవై ఆరేళ్లు."

"డాక్టరుకి చూపించలేదా?"

"ప్యాంటు ఎత్తలేదు."

"ఎందుకని?"

ఎలాదియో గోనె సర్దాడు. సీసాల మూతలు ఒక్కొక్కటే బిగించాడు.

"ఆ పెద్ద తుఫాను ముందు రోజు ఇంటి మీద రేకులు కడుతూ పడ్డాను. మర్నాటికి దారులన్నీ మూసుకుపోయాయి. మూడు వారాలు మా కొండ మీదికి ఎవరూ రాలేదు. మా అత్త తోమాసా ఉండేది. ఎముకలు కట్టడంలో ఆవిడకి పేరు. చుట్టుపక్కల నాలుగు వాడల్లో ఎవరి చెయ్యి విరిగినా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. పెట్టె చెక్కలు పెట్టి కట్టింది. నా కట్టు విప్పిన రోజున కాలు విల్లులా ఉంది. ఆవిడ చూసింది, నేను చూశాను. నా పెళ్లాం గుమ్మంలో నిలబడి చూసింది. ముగ్గురం నోరెత్తలేదు. బయట వాకిట్లో జనం కూర్చుని ఉన్నారు, అల్లుడికి ఎలా కట్టిందో చూద్దామని. ప్యాంటు వేసుకుని, మోకాలు వంచుకుని నడుచుకుంటూ బయటికి వచ్చాను. తిన్నగా అతికిందన్నారు అందరూ. ఆ రోజునించీ ఎవరి ముందూ ప్యాంటు ఎత్తలేదు. అత్త పోయి కూడా పద్నాలుగేళ్లయింది."

"అత్తగారి పేరు పోతుందనా?"

"అల్లుడి కాలే వంకరపెట్టిందంటే ఇంకెవరన్నా పోతారా ఆవిడ దగ్గరికి? ఎంతమందికి బాగుచేసింది."

ఒనేలియా పీపా అంచు పట్టుకుని నిలబడింది. చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఆయనకి ఎప్పటికీ తెలియదు. 

"ఆ కుడి అని కొట్టింది నేనే దొన్ ఎలాదియో," అంది. "ముందు మూడుసార్లు ఏ కాలో తెలీదని కొట్టిందీ నేనే. మీరనే గుడ్డివాడు నేనే."

ఆయన కోప్పడతాడనుకుంది. కోప్పడినా బాగుండేది.

"పదకొండేళ్లు నేను దాచాను, నువ్వు నమ్మావు. అందులో నీ తప్పేముంది," అన్నాడు. మళ్లీ పీపా మీద కూర్చుని, "అయినా, ఒక్కమాట నన్ను అడగలేకపోయావా తల్లీ?" అన్నాడు.

*

సోమవారం బ్రూనిల్దా గదిలో ప్లాన్ వాళ్ల నోటీసు ఉంది. కోడ్‌కీ కాలికీ పొంతన లేదని బ్రేసులు చేసేచోటు నించి కబురొచ్చింది, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి, అప్పటిదాకా రోగి ఫైలు ఆపేశాం అని. బ్రూనిల్దా ఆ విభాగానికి పెద్ద. ఒనేలియాకి పని నేర్పింది కూడా ఆవిడే.

"కూర్చో. ఇది నీ పేరుమీద ఉంది. కాగితంలో పక్క లేదు, నువ్వు కుడి కొట్టావు. వేలు జారింది కదూ?"

ఒనేలియా నోటీసు మీద తన పేరు చూసుకుంది.

"తొమ్మిదికీ ఒకటికీ అంత దూరం నాకూ తెలుసులే," అంది బ్రూనిల్దా గొంతు తగ్గించి. "వేలు జారిందని రాసెయ్. రోజుకి ఎన్ని వందలు కొడతాం, ఒకటి జారదా? మళ్లీ తొమ్మిది పెట్టి పంపిద్దాం. గొడవ వదిలిపోతుంది."

"మళ్లీ తొమ్మిది పెడితే ఆయనకి బ్రేస్ రాదు."

"అది డాక్టర్ చూసుకోవాలి."

"డాక్టర్ ఆ కాలు ఎప్పుడూ చూడలేదు. వేలు జారిందంటే ఆ సంగతి ఎవరికీ తెలీదు. చూడకుండా రాశాడు, నేను చూశాననుకుని కొట్టాను. ఇద్దరిదీ రాస్తేనే మళ్లీ పరీక్ష చేయమంటారు."

"ఆ మాట రాస్తే నీ గతేంటో తెలుసా? ఈ ఏడాది నువ్వు కొట్టినవన్నీ తిరగేస్తారు. అది తేలేదాకా నిన్ను కోడింగులో కూర్చోబెట్టలేను. ఇరవై రెండేళ్లు, ఒనేలియా."

"ఇరవై రెండేళ్లలో ఒక్క రోగిని కూడా నేను ఏమీ అడగలేదు," అంది ఒనేలియా. ఎందుకన్నదో తనకే తెలీలేదు. కలం అడిగి తీసుకుని, అక్కడే కూర్చుని రాసింది. వీధిలో చూసి, సరిగ్గా చూశాననుకుని, డాక్టర్ రాయనిదాన్ని నేను కొట్టాను. రోగి తప్పేమీ లేదు. రోగి కాలిని ఇంతవరకు ఎవరూ పరీక్షించినట్టు రికార్డులో లేదు. కింద సంతకం పెట్టింది. బ్రూనిల్దా అది రెండుసార్లు చదివింది. చింపేస్తుందేమో అనిపించింది. చింపకుండా ముద్ర వేసింది.

ఆ మధ్యాహ్నమే ఒనేలియాకి పని మారింది. పాత ఫైళ్లు బండిలో పెట్టుకుని డాక్టర్ల గదులకి చేరవేయడం. రబ్బరు చక్రాల బండి, ఒక చక్రం కిచకిచలాడుతుంది.

ప్లాన్ వాళ్లు ఎలాదియోని డాక్టరుకి మళ్లీ చూపించుకోమన్నారు. గురువారం డాక్టర్ అల్వేలో గదికి తీసుకెళ్లిన ఫైళ్లలో ఎలాదియోది ఉంది. బయట వరండాలో ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. ఆవిడ వెళ్లేసరికి ఎలాదియో లోపల కుర్చీలో ఉన్నాడు, ఇస్త్రీ ప్యాంటుతో. డాక్టర్ తెరవైపు తిరిగి ఉన్నాడు, వేళ్లు మీటల మీద ఉన్నాయి. పాత పేజీ తెరిచే ఉంది.

"చెప్పండి దొన్ ఎలాదియో. ఎలా ఉంది?"

"కాలేనండి. మామూలే."

డాక్టర్ తలూపి టైపు చేయడం మొదలుపెట్టాడు. ఎలాదియో గుమ్మం దగ్గరున్న ఒనేలియా వంక చూశాడు. ఆవిడ నోరు తెరవబోయి ఆగింది. తను చెబితే అది తన మాట అవుతుంది. ఫైలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ బండి మీద వేసి, ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడింది. వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు.

ఎలాదియో వంగాడు. ఎడమకాలి బూటు విప్పి పక్కన పెట్టాడు. మేజోడు తీసి మడిచి బూటులో పెట్టాడు. ప్యాంటు అంచుని రెండు మడతలు వేశాడు, మూడో మడతకి చేతులు ఆగిపోయాయి. ఊపిరి పీల్చుకుని మోకాలి పైదాకా ఒక్క లాగు లాగాడు.

టైపు చప్పుడు ఆగింది. డాక్టర్ కుర్చీ తిప్పుకుని చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి కింద మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎండ తగలని చర్మం పాలిపోయి తెల్లగా ఉంది. మోకాలి కింద ఎముక బయటికి వంగి, మళ్లీ లోపలికి తిరిగింది. డాక్టర్ బొటనవేలితో ఆ వంపు వెంట మెల్లగా కిందిదాకా తడిమాడు.

"ఇన్నాళ్లూ ఇది నాకు చూపించలేదేమిటి?"

"మీరు అడగలేదు," అన్నాడు ఎలాదియో. "నాకూ అడగకపోవడమే బాగుండేది."

డాక్టర్ సొరుగులోంచి టేపు తీశాడు. ఒనేలియా తలుపు దగ్గరికి వేసి బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. వరండాలో కూర్చున్నవాళ్లు ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూసి, లోపలున్నాయనకి ఏదో పెద్ద జబ్బే అనుకున్నారు.

నాలుగు గంటలకి పై గదిలోకి ఫైళ్లు తేవడానికి వెళ్లింది. కిటికీ పక్క బల్ల దగ్గర యామారిస్ కూర్చుని ఉంది, ఎండకి అట్ట అడ్డం పెట్టుకుని.

"అక్కా, వచ్చింది. చూస్తావా?"

"నేను చూడకూడదు. నువ్వు చదివి కొట్టు."

"పైకి చదువుకుంటాలే, నువ్వు వింటే నేనేం చేసేది," అని యామారిస్ తెర దగ్గరికి జరిగింది. "ఎడమకాలు. మోకాలి కింది ఎముక విరిగి, బయటికి వంగి అతికింది. ఇరవై ఆరేళ్ల నాటిది. కుడికాలి కంటే మూడు సెంటీమీటర్లు పొట్టి. కుడికాలిలో ఏ లోపమూ లేదు, ఎడమదాని ఎత్తుకి సరిపెట్టడానికి వంచుతున్నారు. అమ్మో, అల్వేలో ఇంత రాయగలడా?" వేలితో వరస పట్టుకుని కిందికి దిగింది. "ఇంకా ఉంది. కట్టు కట్టింది రోగి అత్తగారు, తోమాసా. ఆవిడ తప్పు లేదనీ, దారులు మూసుకుపోయినందువల్లే ఇలా జరిగిందనీ, ఈ మాట తప్పకుండా రాయమనీ రోగి కోరారు." తల తిప్పి చూసింది. "దీనికి కోడ్ లేదు కదక్కా. ఏం చెయ్యను?"

"లేకపోతే లేదు. ఆ మాట మాత్రం ముట్టుకోకు," అంది ఒనేలియా.

యామారిస్ చివరి అంకె రెండు కొట్టి పంపేసింది. ఒనేలియా ఫైళ్లు బండిలో సర్దుకుని కిందికి బయల్దేరింది.